పొడి అక్షరాలు

“ఈ చీటీ ఎవరి కోసం రాసిండ్రు సార్? నా కోసమా, అవ్వ కోసమా?”

కాశిబుగ్గలో మందుల షాపు నడిపే యమున ఎదురుగా ఉన్న క్లినిక్‌లోకి నేరుగా వచ్చి అడిగింది. కొత్తగా చేరిన డాక్టర్ హరికృష్ణ తలెత్తాడు. బయట వాన. ఆమె చున్నీ కొస నుంచి నీళ్లు అతని టేబుల్ మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

“ఏ అవ్వ?”

“మొగిలమ్మవ్వ. మోకాళ్ల నొప్పికి గోలీ రాసి పక్కన ఎస్.ఓ.ఎస్. అని పెట్టిండ్రు. నొప్పి ఉంటెనే ఏసుకోవాలని మనకు తెలుసు. అవ్వ వేరే షాపుల కొన్నది. మనుమణ్ని అడిగితె ఎస్.ఓ.ఎస్. అంటే డేంజర్ అన్నడట. మూడు రోజులు ఏడ్చుకుంట కూసున్నది గని గోలీ ముట్టలే.”

“డాక్టర్లందరు రాసేది అదే కదండీ.”

“రాసేది డాక్టర్లే. మింగేది అవ్వ.”

అతను అవ్వ ఇల్లు ఎక్కడో అడిగాడు.

సాయంత్రం యమున మొగిలమ్మ ఇంటికి వెళ్లేసరికి అతను అక్కడే చాప మీద కూర్చుని ఉన్నాడు.

“తప్పు నాదే అవ్వా. నొప్పి ఉన్ననాడు అన్నం తిని ఒకటి ఏసుకో. లేనినాడు వద్దు.”

“గంతేనా బిడ్డా? గీ ముక్క అప్పుడే చెప్తె అయిపోతుండె కద.”

అతను నవ్వేశాడు. నవ్వితే అతని కళ్లు చిన్నవవుతాయని యమున గమనించింది. గమనించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాటి నుంచి అతని చీటీలు తెలుగులో రాసాగాయి, తప్పులతో సహా. ‘భోజనానికి ఒత్తు ఎగ్గొట్టిండ్రు సార్’ అని ఆమె ఫొటో తీసి మెసేజ్ పెట్టేది. ఒత్తుల దగ్గర మొదలైన మాటలు చాయ్ దాకా వచ్చాయి. ఫోన్‌లో మాత్రం అతనిది పాత అలవాటే. పొద్దున జీఎం, రాత్రి జీఎన్, టీసీ. ఆ అక్షరాల వెనక ఇంకేమైనా ఉందా అని యమున రోజూ వెతుక్కునేది.

ఒక ఆదివారం ఆమె ఫోన్ నాన్న సారయ్య కంటపడింది. ఆయన జంపఖానాలు నేస్తాడు.

“జీఎన్ టీసీ అంటే ఏందమ్మా? ఏదన్న ఆఫీసా?”

“గుడ్ నైట్, టేక్ కేర్ నాయినా.”

“పైలం అని రాసే తీరిక లేదా ఆయనకు?” సారయ్య కూతురి ముఖంలోకి చూశాడు. “ఒకపాలి ఇంటికి రమ్మను.”

హరికృష్ణ వచ్చాడు. సారయ్య మగ్గం ఆపాడు.

“కూసో బిడ్డా. నేను అయిదు దాకనే సదివిన. మా పిల్లతోని ఏం మాట్లాడుతున్నవో నాకు సమజయ్యేటట్టు చెప్పు.”

హరికృష్ణ గొంతు సవరించుకున్నాడు.

“యమునంటే నాకిష్టం. పెండ్లి చేసుకోవాలనుకుంటున్న. మా అమ్మకు చెప్పిన, సరే అన్నది. యమునకే ఇంకా చెప్పలేదు. కాదంటదని భయం.”

సారయ్య తలుపు దగ్గర నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు.

“నాకైతే సమజైంది. నీకు?”

యమున తల ఊపింది.

“మరి జవాబు చెప్పు. నడుమ నేనెందుకు?” అంటూ ఆయన చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

యమున వచ్చి మగ్గం పక్కన, హరికృష్ణకు ఎదురుగా కూర్చుంది. అతను భయంభయంగా చూస్తున్నాడు.

“కాదనను” అంది.