మాడిన ముద్ద

పిల్లాడు మొదటి చెంచా ఉమ్మేశాడు. రెండో చెంచాకి మూతి అష్టవంకరలు తిప్పాడు. మూడో చెంచాని చేత్తో ఒక్క తోపు తోశాడు. కేరట్టు, బంగాళాదుంప వేసి ఉడికించిన ఆ అన్నం ముద్ద వెళ్ళి అత్తగారి చెల్లెలి కొత్త చీర మీద పడింది!

పడితే పడింది, చీరదేముంది, ఉతుక్కుంటే పోతుంది. కానీ ఆవిడ ఆ ముద్దని వేలితో తీసి వాసన చూసింది. చూసి, అక్కగారి వంక అదోలా తిరిగింది.

"మాడు వాసనక్కా. పసివాడికి ఇదా పెట్టేది?"

పిల్లాడి తల్లి పిచ్చుకకి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు పుల్లలా ఉండి, కంచంలో మెతుకులు ఏరుకుని తినేదని వాళ్ళమ్మ పెట్టిన పేరది. పెళ్ళయి తల్లయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఈ ఇంట్లో ఆ తల్లి గురించి ఆమె కొట్టిన డప్పు అంతా ఇంతా కాదు! మా అమ్మ హాస్టల్లో వందలమంది పిల్లలకి వండింది, ఒక్కనాడూ చెంచా నాకి చూడలేదు, మూత తీసి ఆవిరి వాసన పట్టిందంటే ఉప్పు తక్కువో కారం ఎక్కువో చెప్పేసేది... ఇలా ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పి చెప్పి, వచ్చే సోమవారం నుంచి తను మళ్ళీ బస్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోవాలి కనక, పిల్లాడికి తిండి అలవాటు చేసి వాణ్ణి చూసుకోవడానికి ఆ అమ్మనే పిలిపించింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, వాణ్ణి ఎత్తుకుని తిరగలేరు. అమ్మ వల్ల కాకపోతే ఉద్యోగం మానుకోవడమే.

ఇప్పుడు ఆ అమ్మ, వంటింటి గుమ్మంలో భుజాన తువ్వాలుతో నిలబడి, అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "పొరపాటయింది తల్లీ, ఇప్పుడే ఇంకో గిన్నె పెడతాను" అంది మెల్లగా.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చుట్టాల ముందు పరువు పోయిందనుకున్న మనిషికి కన్నతల్లి కూడా కనబడదు కదా...

"మొన్న విరిగిన పాలు కలిపావు. ఇవాళ మాడబెట్టావు. అంతమందికి వండినదానివి, నా ఒక్క కొడుక్కి గిన్నెడు మెతుకులు ఉడికించలేవా? రేపట్నించి నువ్వు వంటింట్లోకి రాకమ్మా. నేనే చూసుకుంటాను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తల్లి భుజం మీది తువ్వాలు తీసి, మడతపెట్టి, తలుపు వెనక మేకుకి తగిలించింది. అంత జాగ్రత్తగా మడతపెట్టకుండా విసిరేసినా బాగుండేది.

మర్నాడు పొద్దున్న వంటింట్లో పిచ్చుక పడ్డ పాట్లు చూడాలి! అన్నం ఉడికితే దుంప ఉడకదు, దుంప మెత్తబడితే కేరట్టు రాయిలా ఉంటుంది. గరిటె వెనకవైపుతో మెదిపితే మెదిపినచోటే ఉండలు. కుస్తీ పడుతూనే ఓ కంట ముందుగదిలోకి చూస్తోంది. కిటికీ పక్కన తల్లి పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఊపుతోంది. నిన్నటి నుంచి ఆవిడ అడిగితే తప్ప మాట్లాడలేదు.

అంతలో అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ గదిలోకి వచ్చి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటి వదినగారూ, మీ మనవడి ఘనకార్యం వీధి చివరిదాకా కబురు పెడుతోంటే మీరింకా ఊపుతున్నారు?"

హాస్యానికే అన్నారావిడ. తల్లి కూడా నవ్వింది, కానీ నవ్వు ఆలస్యంగా వచ్చింది. ముందు అత్తగారి చెంగు వంక చూసి, ఆ తర్వాత పిల్లాడి కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. అప్పటికే చీరంతా ఖరాబైంది. "అయ్యో, అయ్యో" అంటూ గాభరాగా పిల్లాణ్ణి పైకెత్తింది.

పిచ్చుక చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ కూడా పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయని పసిగట్టి పరుగెత్తుకొచ్చే మనిషి! అలాంటిది ఒళ్ళో ఉన్నది తెలియలేదా? విరిగిన పాలు... మాడిన గిన్నె... నిన్న సరిగ్గా ఆ గిన్నె పొయ్యి మీద ఉండగానే, "అమ్మా, చుట్టాలొచ్చారు, టీ పట్రా" అని తనే పనిమనిషిని కేకేసినట్టు కేకేసింది. ఆవిడ అటు తిరిగి కప్పులు కడుగుతుంటే ఇటు అడుగంటింది. ఆ సంగతి అమ్మ నిన్న చెప్పనేలేదు.

పొయ్యి ఆర్పేసి వచ్చి, పిల్లాణ్ణి తుడిచి చాప మీద పడుకోబెట్టి, తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది.

"అమ్మా, నీకు వాసన తెలియడం లేదు కదూ?"

తల్లి తడిసిన చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఆ కళ్ళలో ఉన్నది సిగ్గు. దొంగతనం చేసి దొరికినవాళ్ళు కూడా అంత సిగ్గుపడరు.

"ఆమధ్య జ్వరం వచ్చి తగ్గిందే, దాంతోపాటే పోయింది తల్లీ. వస్తుంది వస్తుందని చూశాను, రాలేదు. హాస్టల్లో చెబితే మానెయ్యమంటారని నేనే మానేశాను. నీకెలా చెప్పను? ముక్కు పోయిన వంటమనిషిని ఎవరు పిలుస్తారు? చెబితే నువ్వు రావద్దంటావేమో, వీణ్ణి చూడకుండా ఉండాలేమోనని..." అని ఆగింది. "బుడగలు చూసి, చప్పుడు విని నెట్టుకొస్తున్నాను. నిన్న కాస్త అటు తిరిగాను."

"నేను కేకేస్తేనే కదమ్మా తిరిగావు!"

"పోనీలే. ఇంటికి చుట్టాలొస్తే పిలవవా మరి?"

పిచ్చుక ఇక ఆపుకోలేకపోయింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, ఆ ఖరాబైన చీరలోనే మొహం దాచుకుని ఏడ్చింది. నిన్న నలుగురిలో తలెత్తుకోలేకపోయానని బాధపడింది, ఇవాళ ఒక్క మనిషి ముందు తలెత్తలేకపోతోంది. రావద్దంటావేమో అని అమ్మ భయపడింది, సరిగ్గా ఆ మాటే తను అంది. క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు.

అత్తగారు వంటింటివైపు నడిచారు. నిన్న చెల్లెలు అంత మాటంటే తనూ నోరు మెదపలేదని ఆవిడకీ గుచ్చుకుంటూనే ఉంది మరి. తలుపు వెనక మేకు నుంచి తువ్వాలు తీసుకొచ్చి, వియ్యపురాలి భుజం మీద వేశారు.

"లేవండి వదినగారూ, ముందు చీర మార్చుకోండి. చేతులు మీవి ఉన్నాయి, ముక్కులు మావి రెండున్నాయి. ఊరికే పక్కవాళ్ళ సంగతుల్లో దూరడానికి తప్ప వాటితో మాకేం పని లేదు."

తల్లి నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ పూట గిన్నె మళ్ళీ పొయ్యెక్కింది. పిల్లాణ్ణి చంకనేసుకుని పిచ్చుక పక్కన నిలబడింది. ముందు కేరట్టూ దుంపలూ, అవి సగం ఉడికాక అన్నం, మునిగేంత నీళ్ళు, మంట చిన్నది... చెబుతూ చేసింది తల్లి. మూత తీసి, అలవాటు కొద్దీ ఆవిరి మీదికి వంగి, వెంటనే వెనక్కి జరిగి కూతుర్ని చూసింది.

"ఎలా వస్తోంది?"

"తియ్యగా వస్తోందమ్మా, కేరట్టు వాసన."

"పచ్చి పోయిందా?"

పిచ్చుక ఇంకా వంగింది. "పోయింది."

"అయితే దింపు."

మెదిపి, చల్లార్చి, మొదటి చెంచా అమ్మమ్మే పెట్టింది. పిల్లాడు అనుమానంగా చప్పరించాడు. మూతి తిప్పలేదు. ఇంకోదానికి నోరు తెరిచాడు. వాడికేం తెలుసు, ఆ తెరిచిన నోటికోసం ముగ్గురు ఆడవాళ్ళు ఊపిరి బిగపట్టారని!

సగం గిన్నె అయ్యాక తల్లి చెంచా పక్కన పెట్టి, కాస్త మొహమాటంగా అడిగింది.

"ఒకటడుగుతాను, నవ్వకు. వచ్చిన రోజునుంచీ వీణ్ణి ఎన్నిసార్లు ముద్దుపెట్టుకున్నానో... ఏమీ తెలియలేదు. వీడి తల ఎలా ఉంటుంది, వాసన?"

పిచ్చుక వంగి, కొడుకు మెత్తటి జుట్టులో ముక్కు పెట్టింది. ఎంతో గొప్పగా చెప్పాలనుకుంది గానీ ఉన్నదే నోటికొచ్చింది.

"అప్పుడే దింపిన అన్నంలా ఉందమ్మా. కాస్త పాలు కలిపినట్టు."

తల్లి కళ్ళు మూసుకుంది. కాసేపటికి తల ఊపింది.

"నువ్వూ అంతే ఉండేదానివి తల్లీ. నాకు గుర్తుంది."