ఖాళీ కాని పేరు

నూకరత్నం తన పేరు చెప్పగానే తెరుచుకున్న స్వరద్వారం, ఆమె భుజాన నిద్రపోతున్న పసిపాపను మాత్రం గుర్తించలేదు. ఆ పాపకింకా పేరు లేదు.

తలుపులు, దీపాలు, పడవలు పేరు చెబితేనే పలికే కాలమది. అందుకే ఒకరి పేరు మరొకరికి ఉండకూడదు. పేర్లు పంచే పని ఇంటింటి గోడమీదా ఉన్న నామదర్శినిది. తెలుగు పేర్లు అడుగంటాక అది దూరదేశాల పురాణాలు తవ్వుతోంది.

బారసాలకు పళ్ళెంలో బియ్యం పరిచి కూర్చున్న అత్త పోలమ్మ గోడవైపు చూసి అంది.

"నా కొడుకు ఎల్లాజీ పేరెట్టు. ఆడగుంటయితే ఏటి?"

"ఎల్లాజీ చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ పేరు ఇంకా ఖాళీ కాలేదు," అంది నామదర్శిని మెత్తగా. "ఆయన చనిపోయారని భార్య చెబితే పాపకు ఇవ్వగలను."

"సెప్పీయే," అంది పోలమ్మ కోడలితో. "తుఫానులో ఎల్లినోడు వానలెల్లిపోయినా రాలేదు. పేరైనా ఇంట్లో తిరగాలి గదే."

నూకరత్నం బియ్యంలో ఆనించిన వేలు వెనక్కి తీసుకుంది. "ఇంకో పేరు సూపించు."

గోడ నీలమైంది. ఆ నీలంలో లకుముకి పిట్ట ఒకటి ఎగిరింది.

"ఆల్సియోని. గ్రీకు పురాణంలో గాలిదొర కూతురు. భర్త ఓడ మునిగిందని తెలియక ఒడ్డున ఎదురుచూసింది. దేవతలు జాలిపడి ఇద్దరినీ లకుముకి పిట్టలను చేశారు. ఆమె గుడ్లు పొదిగే రోజుల్లో తండ్రి గాలిని కట్టేస్తాడట, సముద్రం నిద్రపోతుందట. చలికాలపు ప్రశాంతమైన రోజులకు ఆ పేరే పెట్టారు. కృత్తికల్లో ఒక చుక్కకూ అదే పేరు."

"అయితే మొగుడు దొరికాడన్నమాట," అంది నూకరత్నం.

"పిట్టయ్యాక."

"ఏదయితే ఏటి. ఆ పేరే ఎట్టు."

"నోరు తిరగదే ఈ పేరు," అని గొణుగుతూనే పోలమ్మ పాప చెవిలో మూడుసార్లు తడుముకుంటూ చెప్పింది. గుమ్మం పక్కన మనిషికొకటిగా ఉన్న దీపాల్లో పాపది మొదటిసారి వెలిగింది.

సాయంత్రం సముద్రం కదలకుండా ఉంది. నూకరత్నం గుమ్మంలోకి వచ్చేసరికి పోలమ్మ అక్కడ తన కొడుకు దీపం ముందు నిలబడి ఉంది.

"ఎల్లాజీ," అంది మెల్లగా. పేరు ఖాళీ కాలేదు కనుక దీపం వెలిగింది.

"రోజూ పిలుత్తన్నావా అత్తా?"

పోలమ్మ ముఖం తిప్పుకుంది. "సీకటి గదే. ఆడికి దారి తెలవాలి. పొద్దున సెప్పీమన్నాను గానీ, నువ్వా మాట సెప్పేత్తావేమోనని నా గుండె కొట్టుకుందే."

నూకరత్నం మగడి పేరు వదల్లేదన్న కబురు తీరమంతా పాకింది. ఆ తర్వాత ఏ ఇల్లాలూ వేటకెళ్ళి రాని తన మగడి పేరు వదులుకోలేదు. కొన్నేళ్ళకు నామదర్శినులు లెక్క చూసుకుని, వేటకెళ్ళినవాళ్ళెవరూ చనిపోని ఆ సముద్రాన్ని లోకంలోకెల్లా ప్రశాంతమైనదిగా రాసుకున్నాయి.