రెండు దెబ్బలు పడేదాకా

చీకటి పడ్డాక ఆ టైపు ఇన్‌స్టిట్యూట్ కింద నుంచి ఎవరూ మాట్లాడుకుంటూ నడవరు.

కింద టైర్ల దుకాణం. పైన మూతపడిన ఇన్‌స్టిట్యూట్. ఎంత గొంతున్నవాడైనా ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి గుసగుసలోకి దిగుతాడు. అలా దిగకుండా కబుర్లాడుకుంటూ పోయినవాళ్లకి పైనుంచి ఒక చప్పుడు వినిపిస్తుందట.

టక్.

చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టినట్టు... ఒకటే దెబ్బ.

ఒక దెబ్బ విన్నవాళ్లు ఆ వీధిలో పదిమంది ఉన్నారు. రెండు దెబ్బలు విన్నవాళ్లు మాత్రం — ఒక్కరూ లేరు.

నలభై ఏళ్ల కిందట అక్కడ టైపు నేర్పిన టీచరమ్మకి మాటలంటే గిట్టేది కాదు. ఒక దెబ్బ కొడితే వేళ్లు మీటల మీదికి వెళ్లాలి, నోళ్లు మూతపడాలి. రెండు దెబ్బలు కొడితే పరీక్ష అయిపోయినట్టు — చేతులు తీసి ఒళ్లో పెట్టుకోవాలి. అంతకుముందు తీస్తే మొదటినుంచీ మళ్లీ టైపు కొట్టాల్సిందే.

ఒక సాయంత్రం ఆవిడ ఒక దెబ్బ కొట్టింది. పన్నెండుమంది ఆడపిల్లలు టకటకా మొదలుపెట్టారు. పది నిమిషాల పరీక్ష. పది దాటింది, పదిహేను దాటింది, కాగితాలు నిండిపోయాయి... రెండు దెబ్బలు పడలేదు. టీచరమ్మ కుర్చీలో నిటారుగానే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. అడిగే ధైర్యం ఎవరికుంది? మీటల మీద వేళ్లు పెట్టుకుని ఆ పిల్లలు ఇంకో అరగంట అలాగే కూర్చున్నారు —

ప్రాణం పోయిన మనిషి ముందు.

ఆ పన్నెండుమందిలో మన కట్‌బాబు వాళ్ల పెద్దమ్మ ఒకతి. ఇప్పటికీ ఆవిడ ఎక్కడ కూర్చున్నా, బస్సులో కానీ, దేవుడి పటం ముందు కానీ, పది వేళ్లూ కాస్త వంచి ఎదుట ఏదుంటే దాని మీద ఆనిస్తుంది. చేతులు ఒళ్లో పెట్టుకోగా ఎవరూ చూడలేదు. ఇంట్లోవాళ్లు అలవాటనుకుని నవ్వి ఊరుకునేవారు.

ఆవిడ చెల్లెలి కొడుకు కట్‌బాబు. సినిమా కోర్సు చివరి ఏడాది చదువుతూ ఆవిడ ఇంట్లోనే ఉండేవాడు. ఆవిడ వడ్డిస్తుంటే చాలు అనడు, కట్ అంటాడు. ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే మధ్యలో కట్ అంటాడు. అందుకే ఆ పేరు పెట్టారు. వాడు మురిసిపోయాడు. వెటకారం వెటకారమని తెలియడానికి కూడా కొంత తెలివి ఉండాలి.

ఆ ఏడాది వాడు తొమ్మిది నిమిషాల సినిమా తీసి చూపించాలి. వాడితో కలిసి పనిచేసేవాళ్లు ముగ్గురు. మాస్టారు సినిమా ఒప్పుకుంటే నలుగురూ పాసు, లేకపోతే నలుగురికీ ఏడాది పోయినట్టే. కథ కోసం వాడు పెద్దమ్మ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆవిడ, నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా నోరు విప్పని మనిషి, ఆ సాయంత్రం సంగతి మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. చెబుతూ ఒకచోట కళ్లు తుడుచుకుంది. వాడు కాగితం మీద "ఏడుపు — బాగుంది" అని రాసుకున్నాడు.

తీరా తీసిందేమిటయ్యా అంటే — తెల్లగుడ్డలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని, పెద్దగా నవ్వే దెయ్యం.

"ఆవిడ జుట్టు ఏనాడూ విరబోసుకోలేదురా. గట్టిగా ముడి పెట్టుకునేది," అంది పెద్దమ్మ.

"ముడి పెట్టుకుంటే ఎవరు భయపడతారు పెద్దమ్మా?"

"మేం భయపడేవాళ్లం," అంది ఆవిడ.

షూటింగ్ నాలుగు రోజులు ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే, పగలే, కిటికీలకి నల్లగుడ్డలు కట్టి. హీరోయిన్ కళ్లెత్తి ఆ కుర్చీవైపు చూడాలి. చూసేలోపే కట్. కన్నీరు తిరగాలి. తిరిగేలోపే కట్. ఎంత త్వరగా కట్ చెబితే అంత పెద్ద డైరెక్టరని వాడికి ఎవరు చెప్పారో దేవుడికే తెలియాలి.

మైకు పట్టినవాణ్ని అందరూ చెవులు అనేవారు. హెడ్‌ఫోన్లు తీయగా చూసినవాళ్లు తక్కువ. ప్రతి సీను అయ్యాక వాడు బతిమాలేవాడు.

"ఒరేయ్, ఒక్క అరనిమిషం అందరూ కదలకుండా ఉండండిరా. గది చప్పుడు తీసుకుంటా."

"ఎవరూ మాట్లాడకపోతే గదికి చప్పుడేమిటిరా?"

"ఉంటుందిరా. ప్రతి గదికీ దాని ఊపిరి దానికుంటుంది. మాటకీ మాటకీ మధ్య అది అతకకపోతే అక్కడ గొయ్యి పడుతుంది."

"నువ్వొచ్చింది మైకు పట్టుకోడానికి. పాఠం చెప్పడానికి కాదు."

కట్‌బాబు ఆ మాట అందరి ముందూ అన్నాడు. చెవులు తన మైకు తీగలు చుట్టేసుకున్నాడు. మర్నాటినుంచి పనైతే చేశాడు కానీ, కట్‌బాబుతో మాట మాట్లాడలేదు. ఒట్టు పెట్టుకున్నాడన్నమాట. పది రోజులు గడిచినా ఆ ఒట్టు చెక్కుచెదరలేదు.

ఎడిటింగ్ పూర్తయ్యాక మాస్టారు చూశారు. ఒకసారి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశారు. మాటల మధ్య ఖాళీలు వచ్చినప్పుడల్లా చెవుల్లో దూది కుక్కినట్టు అయిపోతోంది. మళ్లీ మాట రాగానే దూది తీసినట్టు. తొమ్మిది నిమిషాలూ ఇదే వరస.

"ఇందులో చచ్చిపోయింది టీచరా, లేక గదా?" అన్నారు.

కట్‌బాబు నవ్వబోయి ఆగాడు.

"మనిషి నోరు మూయగానే నీ గది ప్రాణం పోతోంది. సరే, చివర్లో ఖాళీ కుర్చీ. నాలుగు సెకన్లే ఎందుకుంది?"

"కట్ చెప్పాను సార్."

"ఎందుకు చెప్పావు?"

ఆ ప్రశ్న వాణ్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"రేపు సాయంత్రం నాలుగింటికి తీసుకురా. ఇలాగే తెస్తే వచ్చే ఏడాది నలుగురూ మళ్లీ కనబడండి."

వెనక కుర్చీలో ఉన్న చెవులు లేచి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి పదింటికి కట్‌బాబు కెమెరా, స్టాండు భుజాన వేసుకుని టైర్ల దుకాణం ముందు నిలబడ్డాడు. ఖాళీ కుర్చీని ఒక నిమిషం తీయాలి. ఆ నిమిషంలోనే గది చప్పుడూ పడాలి. అంతే పని. తోడు రమ్మని అడగడానికి మిగతా ఇద్దరి దగ్గరా వాడికి మొహం చెల్లలేదు.

టైర్లాయన తాళంచెవి ఇస్తూ అడిగాడు. "ఒక్కడివేనా బాబూ?"

"దెయ్యం నా సినిమాలో ఉందండీ. కొత్తది అక్కర్లేదు."

ఆయన నవ్వలేదు. "పైన మాట్లాడకు," అన్నాడు మెల్లగా.

లోపల కరెంటు లేదు. వీధిదీపం వెలుగు నేల మీద పలచగా పరుచుకుంది. రెండు వరసల బల్లలు. మూతలు వేసిన మెషీన్లు... వంగి కూర్చున్న మనుషుల్లా. పక్కన లోపలి గది తలుపు, ఓరగా. ఎదురుగా గోడకి ఆనించి — ఆ కుర్చీ.

కెమెరా నిలబెట్టాడు. మీట నొక్కాడు. వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఒకటి... రెండు... మూడు...

"బాగుంది," అన్నాడు తనలో తాను.

టక్.

వాడు మెడ తిప్పలేదు. ఎలుక, అనుకున్నాడు. లేచి, మళ్లీ మొదటినుంచీ తీద్దామని మీట నొక్కి కూర్చున్నాడు.

ఒకటి... రెండు...

"ఎలుకే," అన్నాడు ధైర్యానికి.

టక్.

ఎలుక చేతిలో స్కేలుండదు.

తలుపు పది అడుగుల దూరంలో ఉంది. అటు లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"ఎవరది..."

టక్.

"దేవుడా —"

టక్.

ఏనాడూ దణ్ణం పెట్టనివాడు, అవసరానికి తలచుకున్నాడు కదా, ఆ పేరుకి కూడా మినహాయింపు దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దమ్మ చెప్పింది. ఒక దెబ్బ పడితే నోరు మూయాలి. రెండు దెబ్బలు పడేదాకా చేతులు తీయకూడదు... వాడు ఎదుటి మెషీను మీద పది వేళ్లూ ఆనించి, పెదాలు బిగించి కూర్చున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక కట్‌బాబు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు.

ముందు గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత... ఒక్కొక్కటే. దూరంగా లారీ పోతే సన్నగా వణికిన కిటికీ అద్దం. చల్లబడుతూ ఎక్కడో చిటపటమన్న రేకు. మెషీన్లలోంచి పాత నూనె వాసనతో పాటు వచ్చే ఒక ఇనుప మౌనం. అవన్నీ కలిసి పైకి లేచి, కిందికి దిగి... గదికి నిజంగానే ఊపిరుంది.

ఆ ఊపిరి కింద ఇంకొక ఊపిరి.

లోపలి గదిలోంచి. మనిషిది.

కాసేపు వినిపించింది. ఏదో సన్నగా కిర్రుమంది. ఆగిపోయింది.

వాడు రెండు దెబ్బల కోసం ఎదురుచూశాడు. పడలేదు. కెమెరా బ్యాటరీ అయిపోయి ఎర్రదీపం ఆరింది. అయినా పడలేదు. తెల్లారి టైర్లాయన తలుపు తోసేసరికి, వేళ్లు మెషీను మీద అలాగే పెట్టుకుని, కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని కూర్చుని ఉన్నాడు డైరెక్టరు గారు.

నేరుగా ఎడిటింగ్ గదికి పోయాడు. అక్కడ చెవులు అప్పటికే మెషీను ముందున్నాడు. సినిమాలో పడ్డ గోతులన్నీ ఒక్కొక్కటిగా పూడుస్తున్నాడు. ఆ ఇన్‌స్టిట్యూట్ గది ఊపిరితో.

"ఇది... ఎక్కడిదిరా?"

చెవులు హెడ్‌ఫోన్లు మెడలోకి దించాడు. పదకొండో రోజున ఒట్టు గట్టున పెట్టాడు.

"రాత్రి తీసుకున్నా. నాలుగుసార్లు చెడగొట్టావు."

"నువ్వా?"

"నీకన్నా ముందే వెనక మెట్లెక్కి లోపలి గదిలో కూర్చున్నా. నా చదువూ ఇందులోనే ఉంది కదా. నీతో మాట్లాడనని ఒట్టాయె. చేతికి స్కేలు దొరికింది. ఒక్క దెబ్బకే ఊరుకుంటావనుకున్నా. నాలుగు పట్టాయి."

కట్‌బాబుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి వెళ్లేటప్పుడు రెండు కొట్టొద్దూ? తెల్లవార్లూ కూర్చున్నాను."

"తెలిసే కొట్టలేదు. నాకు కావలసింది అరనిమిషం. అది దొరికాక వెనక మెట్ల మీదినుంచి వెళ్లిపోయా. నీ నోటికి ఒక పూట సెలవిద్దామనిపించింది."

ఎవడికైనా కోపం రావాలి. వాడికి రాలేదు. పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్షమించమని అడగడం వాడికి చేతకాదు కానీ, "ఇక్కడేం పెడదాం, చెప్పు," అన్నాడు. వాడి నోటి నుంచి అది చాలా పెద్ద మాట.

నాలుగో దెబ్బ తర్వాత కెమెరా నలభై నిమిషాలు నడిచింది. అందులోంచి ఒక నిమిషం తీసుకున్నారు. తెల్లగుడ్డల దెయ్యం వచ్చిన చోటల్లా కట్‌బాబు తనే తీసేశాడు. నాలుగు రోజులు మురిసిపోతూ తీసిన నవ్వు ఒక్క మీటతో పోయింది. చూస్తే, అది పోయాకే భయమేసింది. చివరి నిమిషాన్ని చెవులు మూడుసార్లు విన్నాడు, కళ్లు మూసుకుని. గది ఊపిరి తప్ప ఇంకేమీ లేదు.

నాలుగింటికి మాస్టారు చూశారు. సంతకం పెట్టి కాగితం చేతికిచ్చారు.

"ఈ సినిమాలో నువ్వు నోరు మూసుకున్న నిమిషం ఒక్కటే సినిమా," అన్నారు.

ఆదివారం ఇళ్లవాళ్లని పిలిచి ఆ ఏడాది సినిమాలన్నీ చూపించారు. పెద్దమ్మ వచ్చింది. చేతిసంచీ మోకాళ్ల మీద నిలబెట్టుకుని, దాని మీద పది వేళ్లూ వంచి ఆనించింది. కట్‌బాబు ఆవిడ వెనకే కూర్చున్నాడు.

సినిమా చివరికొచ్చింది. తెర మీద ఖాళీ కుర్చీ. పలచటి వెలుగు. వణికే అద్దం. గది... ఊపిరి.

ఎవరూ దగ్గలేదు. పది సెకన్లు, ఇరవై, ముప్పై. కట్ అనబోయి వాడు నాలుక కొరుక్కున్నాడు. నలభై. యాభై...

పెద్దమ్మ వేళ్లు సంచీ మీదినుంచి లేచాయి.

పదీ ఒకేసారి. మెల్లగా దిగి ఒళ్లో పడ్డాయి, ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి. సంచీ జారి నేల మీద పడింది. ఆవిడ చూసుకోలేదు. తల వంచి ఏదో జపించుకుంటోంది.

దీపాలు వెలిగాయి. వాడు ముందుకి వంగాడు.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏముందిరా. రెండు దెబ్బలు పడ్డాయి కదా," అంది ఆవిడ. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "మంచిపని చేశావు నాన్నా. ఇన్నాళ్లకి వదిలింది."

కట్‌బాబు వెనక్కి తిరిగాడు. గోడవార మెషీను పక్కన నిలబడి ఉన్న చెవులు అప్పటికే వాడివైపు చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. హెడ్‌ఫోన్లు ఒక చెవి మీదే ఉన్నాయి.

దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు.

"చివర్లో ఆ రెండూ... నువ్వెప్పుడు పెట్టావురా?"