తాత కుర్చీ, గేటు మీద కన్ను

"ఏమండీ! ముందుకెళ్తారా, ఇక్కడే ఇల్లు కట్టుకుంటారా?"

వెనక కారులోంచి ఓ అమ్మాయి అరిచింది. ఫుల్వియో అద్దంలోకి చూశాడు. ఆమె వెనక మోంతెవెస్ప్రో ఊరంతా హారన్ మీద చెయ్యేసి కూర్చుంది.

"వెళ్లను. గేటు మీద కెమెరా ఉంది."

"ఉంటే? అదేమైనా కరుస్తుందా?"

"కరిచింది. పోయినేడాది."

ఆ కొండమీది ఊరి కోటగోడల లోపల కాపురముండే వాళ్ల కార్లకి తప్ప ఆ గేటులో ఎవరికీ దారి లేదు. కెమెరా నంబరు చూస్తుంది. జాబితాలో లేకపోతే, మనం ఆ సంగతి మరిచిపోయాక, తీరిగ్గా ఇంటికి జరిమానా పంపుతుంది. పోయినేడాది ఫుల్వియో ఒక పెళ్లి విందు వెతుక్కుంటూ, దారి తప్పి, ఆ గేటు కిందే తిరిగి తిరిగి వచ్చాడు. ఆ రోజు పెళ్లికొడుక్కి కూడా అన్ని ఫొటోలు తియ్యలేదు.

చివరికి వెనకున్న కార్లన్నీ కొండ దిగువ దాకా వెనక్కి నడిచాయి. అందులో ఒక శవపేటిక బండి కూడా ఉంది. అందరూ తిట్టారు. పేటికలో ఉన్నాయన ఒక్కడే పెద్దమనిషిలా ఏమీ అనలేదు.

అమ్మాయి కారు దిగి వచ్చింది. సన్నగా వాన. చినుకులు ఆమె జుట్టు మీద పడి, ఇంకెక్కడికీ పోబుద్ధి కాక అక్కడే ఆగిపోయాయి.

"మీకు లైసెన్సు ఎవరిచ్చారండీ?"

క్షమించండి అందామనుకున్నాడు ఫుల్వియో. "మీ పేరేంటండీ?" అని వచ్చింది నోట్లోంచి.

పేరు ఒర్నెల్లా. గోడల లోపల మందుల షాపులో పని. ఫుల్వియో కింద లోయలో పాత కుర్చీలకీ సోఫాలకీ కొత్త బట్ట కుడతాడు. మనసులు కలిశాయి గానీ రోడ్లు కలవలేదు. పైన గేటు. కింద పెద్దరోడ్డు మీదేమో, పాత డీజిల్ బళ్లు పొగ వదులుతాయని వాటికి రాకపోకలు బంద్. ఫుల్వియో బండి ఎంత పాతదంటే, దాని పొగకి ఓటు హక్కు కూడా వచ్చేసి ఉంటుంది. అందుకని ద్రాక్షతోటల చుట్టూ తిరిగి, పందుల కొట్టం పక్కనుంచి దూరి, గోడ కింద శ్మశానం దగ్గర బండి పెట్టి, కొండెక్కేవాడు. పందులు అతని యోగక్షేమాలు అడిగేంత దగ్గరైపోయాయి.

"ఎందుకీ తిప్పలు?" అంది ఒర్నెల్లా ఒకసారి, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ఆదివారం గేటులోంచే వచ్చెయ్యొచ్చుగా. ఆ రోజు కెమెరా చర్చికెళ్తుంది."

ఫుల్వియో నమ్మాడు. ప్రేమలో ఉన్నవాడు ఏదైనా నమ్ముతాడు. జరిమానా వచ్చింది. ఫొటోలో బండి వెనకభాగం చాలా అందంగా పడింది.

"నిజంగా వచ్చేశావా!" అని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు ఫుల్వియో ఒట్టేసుకున్నాడు: ప్రాణమైనా ఇస్తా గానీ, గేటు విషయంలో ఈ పిల్ల మాట నమ్మను.

ఇంతలో పిలుపొచ్చింది. ఒర్నెల్లాని పెంచిన అమ్మమ్మ యోలాండా అతన్ని ఆదివారం భోజనానికి రమ్మంది. ఒర్నెల్లా చేత బాగుచెయ్యమని పంపిన వాళ్ల తాత కుర్చీ కూడా వచ్చేటప్పుడు తెచ్చెయ్యమంది.

"ఒంటిగంటకి చర్చి గంట కొట్టగానే అమ్మమ్మ మరిగే నీళ్లలో పాస్తా వేసేస్తుంది," అని హెచ్చరించింది ఒర్నెల్లా. "దేవుడొచ్చినా ఆగదు. ఇదివరకు ఒక పళ్ల డాక్టరు సంబంధం వచ్చింది. ఆలస్యంగా వచ్చాడు. పాస్తా ఉబ్బిపోయింది. సంబంధం అక్కడితో సరి."

ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. "నేరుగా గేటులోంచి వచ్చెయ్. కెమెరా నిన్నేం చెయ్యదు."

"ఈ వారం కూడా చర్చికేనా?"

"కాదు ఫుల్వియో, ఈసారి నిజంగా..."

"పోయినసారీ నిజంగానే," అని ఫోన్ పెట్టేశాడు.

శ్మశానం దగ్గర బండి ఆపి, కుర్చీని నెత్తిన బోర్లించుకున్నాడు. అది మామూలు కుర్చీ కాదు. నాలుగు వరసల మేకులు, గుర్రపు వెంట్రుకల దిండు, సింహం పాదాలు. సగం కొండెక్కేసరికి ఆ సింహం కూడా తన మీదే స్వారీ చేస్తోందనిపించింది. పైగా వాన.

కాఫీ షాపు పందిరి కింద ముసలాళ్లు పేకాట ఆపారు.

"ఎక్కడికి నాయనా?"

"భోజనానికి."

"ఏం, వాళ్లింట్లో కుర్చీలు లేవా?"

గేటు కింద ఆగి, కుర్చీ అంచు కిందనుంచి కెమెరా వంక చూశాడు. చూసుకో, నంబరు లేదు, అనుకుని లోపలికి దూరాడు. అప్పుడే గంట మొదలైంది. పరుగు.

తలుపు తీసింది ఒర్నెల్లా. పొయ్యి దగ్గర అమ్మమ్మ, గుప్పెడు పాస్తా గిన్నె మీద పట్టుకుని ఉంది. ఫుల్వియో కుర్చీ దింపాడు. అందులోనే కూలబడ్డాడు.

ఒర్నెల్లా అమ్మమ్మ వంక చూసింది. తాత పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"క్షమించండి అమ్మమ్మగారూ," అని లేవబోయాడు.

"కూర్చో," అంది యోలాండా. పాస్తా నీళ్లలో వేసింది. "కారెక్కడ?"

"శ్మశానం దగ్గర."

"ఏమే, వీడికి చెప్పలేదా?"

"చెప్పాను! నమ్మలేదు. నెత్తిన పెట్టుకుని మోశాడు, గాడిద."

యోలాండా గరిటె పక్కన పెట్టింది. "ఒర్నెల్లా కారు కాక ఇంటికి ఇంకొక్క నంబరు ఇచ్చుకోవచ్చు బాబూ, చుట్టాలదైనా సరే. మా ఇంటి తరఫున మా ఆయనది ఉండేది. కారు అమ్మేశాం, ఆయన పోయాడు. నేను నంబరు తీయించలేదు. ఎప్పుడైనా వస్తే గేటు దగ్గర ఆపుతారేమోనని." ముక్కు తుడుచుకుంది. "ఆయన రాడు. మొన్న వెళ్లి నీది రాయించాను. నువ్వైనా రా."

ఫుల్వియో ఒర్నెల్లా వంక చూశాడు. "నా నంబరు మీకెలా తెలుసు?"

"ఆ రోజు నీ వెనక ఎంతసేపు ఆగానో గుర్తుందా?" అందామె, వీపుకి రాసుకునే మందు అతని చేతిలో పెడుతూ. "వేరే చూడ్డానికేముంది? కంఠతా వచ్చేసింది. మరిచిపోదామని చూశా. పోలేదు."

భోజనమయ్యాక, బండిని గేటులోంచి లోపలికి తెచ్చుకుందామని ముగ్గురూ దిగి వెళ్లి బండెక్కారు. గేటుకి జానెడు దూరంలో ఫుల్వియో కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వెనక హారన్లు.

"ఏరా," అంది వెనక సీట్లోంచి అమ్మమ్మ, "ముందుకెళ్తావా, ఇక్కడే ఇల్లు కట్టుకుంటావా?"

"ఇల్లే కట్టుకుంటానమ్మమ్మా. ఒర్నెల్లా ఒప్పుకుంటే."

ఒర్నెల్లా గేరు మీదున్న అతని చేతిపై చెయ్యి వేసి ముందుకి నెట్టింది.

"లోపల కట్టుకుందాం. పద."