గోల్ పడిందని గడప దాటని మనిషి

ఆ ఉదయం ఆయన లేస్తూనే చొక్కా కోసం చూశాడు. రంగు వెలిసి, మెడ దగ్గర సాగిపోయిన ఊరి ఫుట్‌బాల్ జట్టు చొక్కా అది. ఆమె ముందే ఉతికి కుర్చీ మీద పెట్టింది. ఓడిపోతే ఆ నెపం కూడా తన మీదికి రావడం ఎందుకని.

"ఇవాళ్టిదీ, వచ్చే వారందీ గెలిస్తేనేనటమ్మా వీళ్లు లీగులో పై తరగతిలో మిగిలేది. నాన్నకు బీపీ మాత్ర వేశావా?" మందుల షాపులో పనిచేసే కూతురు చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"వేశాను. నాకే పొద్దుట్నుంచీ కుడికన్ను అదురుతోంది."

"నీ కన్ను అదరని రోజేదిలే" అని నవ్వి వెళ్లిపోయింది కూతురు.

ఆట ఉన్న రోజు ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. పెళ్లయిన కొత్తల్లో ఆమె ముందుగదిలోకి కాఫీ తెచ్చిన క్షణానే అవతలివాళ్లు గోల్ కొట్టారు. ఆమె వెనక్కి వెళ్లగానే మనవాళ్లు కొట్టారు. "నీ పాదం మంచిది కాదే, లోపలే ఉండు" అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వులాటే నియమమైపోయింది. జట్టు ఏటికేడూ దిగజారుతూనే వచ్చింది, ఆమె మాత్రం టీవీ పెడితే వంటింటి గడప దాటలేదు. దాటితే ఇంకెంత దిగజారేదో అని ఆమె భయం.

మధ్యాహ్నం టీవీలో అరుపులు వినిపించాయి. మనవాళ్లు గోల్ కొట్టారు. ఆమె హమ్మయ్య అనుకుంది. కాసేపటికి ముందుగదిలో గ్లాసు పడిన చప్పుడైంది.

"ఏమండీ, ఏం పడింది?"

పలకలేదు. ఆట మధ్యలో ఆయన పలికిందెప్పుడు గనక. ఆమె గడప దాకా వెళ్లి ఆగిపోయింది. ఒక్క గోల్ ఆధిక్యం. ఇంకాస్తసేపు గడిస్తే చాలు. ఎప్పుడూ కీడే శంకించే మనసు, ఇదీ అలాంటిదేలే అని తనకు తనే సర్దిచెప్పుకుని వెనక్కి వచ్చి కూర్చుంది.

ఆయన్ని చూసింది పని నుంచి వచ్చిన కూతురే. కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. మూతి వంకర తిరిగింది. ఎదురుగా టీవీలో మనవాళ్లు గెలిచి గంతులేస్తున్నారు.

ఆసుపత్రి వరండాలో కూతురు గోడకు ఆనుకుని నిలబడి అడిగింది.

"గ్లాసు పడిన చప్పుడు విన్నావా?"

"విన్నాను."

"మరి వెళ్లి చూడలేదేమమ్మా? పక్కింటి పిల్లి తుమ్మితే కంగారుపడతావే."

"గెలుస్తున్నారే... నేను వెళ్తే పోతుందని..."

"ఏం పోతుంది? ముందే తీసుకొస్తే కుడిచెయ్యి దక్కేదేమో అంటున్నాడు డాక్టరు."

ఆ మాట ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగనివ్వలేదు.

చివరి ఆట రోజున వార్డులో గోడకున్న టీవీ పెట్టారు. ఆమె అలవాటుగా లేచి వరండాలోకి నడవబోయింది. ఆయన ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కూ... చో."

"నేనుంటే ఓడిపోతారండీ."

"నేనే... అన్నా. తప్పు." మాట ముద్దగా వచ్చింది. కళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. "కూచో."

ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె ఆట చూసింది. ఆయనకు బీపీ పెంచుతున్నారని వంటింట్లోంచి తను తిట్టిపోసిన మనుషులు వీళ్లా? ఒకడికి మీసమైనా సరిగ్గా రాలేదు.

"ఇంత పసివాళ్లా వీళ్లు?"

మంచం వెనక నిలబడ్డ కూతురు తలూపింది. అంతలోనే అవతలివాళ్లు గోల్ కొట్టారు. ఆమె ఉలిక్కిపడి లేవబోయింది. ఆయన పట్టు వదల్లేదు. ఇంకొకటి పడింది. అప్పుడూ వదల్లేదు.

జట్టు ఓడింది, కింది తరగతికి పడిపోయింది. మీసం రాని కుర్రాడు గడ్డిలో మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్నాడు. వాడి తల్లి ఎక్కడుండి చూస్తోందో, లేక తనలాగే ఏ వంటింట్లో ఉందో అనుకుంది ఆమె. కళ్లు నిండిపోయాయి.

కూతురు వెనకనుంచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"వచ్చే... ఏడు..." అన్నాడాయన.

"వచ్చే ఏడు నేనూ చూస్తాను" అంది ఆమె, ఆయన పెదవి చివర తడి తుడుస్తూ. "మీ పక్కనే కూచుని."