రెండు వైపుల బాణం

అనంత చతుర్దశి నాడు పుణెలో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు రెండే రకాలు. పని తప్పనివాళ్ళు, ఇంట్లో పొద్దుపోనివాళ్ళు. కేతకి ఘాట్‌పాండే తాను మొదటి రకమని అందరికీ చెప్పుకుంది. ఎవరూ అడగలేదనుకోండి, అయినా చెప్పుకుంది.

ఊరు ఊరంతా గణపతిని సాగనంపడానికి లక్ష్మీ రోడ్డు మీద పడింది. బాణేర్‌లో ఆ ఐదో అంతస్తులో మాత్రం నలభై కుర్చీలు, ఒక్క మనిషి. ఏసీ ఆపేసి ఉంది. కిటికీ తెరిస్తే తడిసిన సిమెంటు వాసన లోపలికొచ్చింది. ఎక్కడో దూరంగా ఢోళ్ళు. పక్కగదిలో ఎవరిదో గుండె కొట్టుకుంటున్నట్టు, ఆగకుండా.

కింద వాచ్‌మన్ భికాజీ మామా రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటూ, పండగపూట కూడా మిమ్మల్ని వదల్లేదా తాయీ అని జాలిపడ్డాడు. తన ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులో అల్లం టీ పోసిచ్చాడు. ఆ గ్లాసు, వాళ్ళమ్మ ఆయి కట్టిచ్చిన మోదకాల డబ్బా, లాపుటాపు. బల్ల మీద అంతే.

పని చెప్పుకుంటే చిన్నదే. మూడేళ్ళుగా ఎవరే పని చేశారో, ఏ పని ఎంతవరకు వచ్చిందో ఆఫీసంతా ఒక ప్రోగ్రాంలో రాసిపెడుతోంది. బెల్జియం క్లయింటుకు అది నచ్చలేదు. తన దగ్గరున్న ఇంకో ప్రోగ్రాంలోకి అంతా రావాలన్నాడు. పది రోజులపాటు పాతదీ కొత్తదీ రెండూ నడవాలి. పదిహేను నిమిషాలకోసారి ఒకదాన్నొకటి చూసుకుని, ఇక్కడ మారింది అక్కడా, అక్కడ మారింది ఇక్కడా దిద్దుకోవాలి. దాన్నే సింక్ అంటారు. దానికి ముందు ఒక పట్టిక నింపాలి. ఎడమవైపు పాతదాంట్లో పేరు, కుడివైపు కొత్తదాంట్లో అదే మనిషి పేరు, మధ్యలో బాణం. ఉన్నవాళ్ళకు రెండు వైపుల బాణం. వెళ్ళిపోయినవాళ్ళకు ఒక్క వైపే.

పన్నెండింటికల్లా ముప్ఫై తొమ్మిది వరసలు అయిపోయాయి. నలభయ్యోది మిగిలింది. ఎడమవైపు శర్వరి సబ్నీస్. కుడివైపు ఖాళీ.

శర్వరి ఆరు వారాల కింద పోయింది. డెంగీ. నాలుగు రోజులు.

కేతకి తొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఉంది. శర్వరి మూడేళ్ళ కింద వచ్చింది. వచ్చిన ఆర్నెల్లకే కేతకి చేత వారం కుస్తీ పట్టించిన పనిని ఒక్క పూటలో తేల్చేసి, కింద వ్యాఖ్యలో ఇలా రాసింది: "కేతకి వేసిన పునాది మీదే కట్టాను. టీ తాగావా?" ప్రతి వ్యాఖ్య చివరా అదే ముక్క. టీ తాగావా, టీ తాగారా. ఆఫీసంతా ఆ ముక్కకు పడిపోయింది. కేతకికి మాత్రం అది చదివినప్పుడల్లా చెంప మీద మెత్తటి చెప్పుతో కొట్టినట్టుండేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. మంచితనానికి ఏం తిరిగిస్తాం?

ఆ పిల్ల పోయిందని తెలిసిన రోజు మేనేజరు రాజ్వాడే సర్ అందరి ముందూ కళ్ళద్దాలు తీసి ఏడ్చాడు. కేతకి తనకోసం ఎవరేడుస్తారా అని ఆలోచించి, ఆయి దగ్గరే ఆగిపోయింది. ఆయి కూడా కాస్త అనుమానమే. బతికున్నవాళ్ళను చూసి ఏడవడం కేతకికి కొత్త కాదు గాని, చచ్చిపోయినవాళ్ళను చూసి ఏడవడం అప్పుడే మొదలైంది. వాళ్ళు ఇక ఏ తప్పూ చెయ్యరు. వాళ్ళతో ఎలా నెగ్గుతాం?

రాజ్వాడే నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చేది ముంబైలో ఉన్న పణశీకర్ మేడమ్. ఆవిడ ఇక్కడ ఎవరి మొహమూ ఎరగదు. కొత్తదాంట్లో ఎవరి పేరు కింద ఎక్కువ పని కనిపిస్తే వాళ్ళే. శర్వరి వరస ఖాళీగా వదిలెయ్యమని, ఆ పిల్ల చేసినవాటి మీద ఆ పిల్ల పేరే అక్షరాలుగా ఉండిపోతుందని రాజ్వాడే మరీ మరీ చెప్పాడు.

కేతకి కుడివైపు గడిలో తన పేరు కొట్టింది.

బాణం దానంతటదే రెండు వైపులా వచ్చింది. చూసింది కూడా. మార్చాలంటే ఇంకో నొక్కు. అటునుంచి పంపడానికి ఎవరున్నారని, అలాగే వదిలేసింది.

పన్నెండుంబావుకు మొదటి సింక్. శర్వరి చేసిన మూడు వందల పన్నెండు పనులు వరసగా వచ్చి కేతకి ఘాట్‌పాండే పేరు కింద కూర్చున్నాయి. ఒక్కోటీ పచ్చరంగులో, పూర్తయింది, పూర్తయింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

పన్నెండున్నరకు రెండోది.

మారినవి: 1.

ఎవరో పండగ మానుకుని పనిచేస్తున్నారనుకుని తెరిచింది. ఒక వ్యాఖ్య. కొత్తదాంట్లో తన పేరుతోనే ఉంది.

"కేతకీ, టీ తాగావా?"

పాతదాంట్లో చూసింది. అక్కడ రాసింది శర్వరి సబ్నీస్. సమయం, పన్నెండూ ఇరవై రెండు. ఈరోజే.

ఎవడో వెధవ ఆమె పాస్‌వర్డు పట్టుకుని ఆటలాడుతున్నాడు. కేతకి మొత్తం ఆఫీసును మనసులోనే కడిగేసి, కొత్తదాంట్లో ఆ వ్యాఖ్య కింద కోపంగా కొట్టింది. "ఎవరు?"

పావుగంట గడిచింది. పాతదాంట్లో ఆ "ఎవరు" అన్నది శర్వరి పేరు మీద కనిపించింది. కింద జవాబు. కొత్తదాంట్లో ప్రశ్నా కేతకిదే, జవాబూ కేతకిదే. ఒక మనిషి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

"నేనే. నీ పేరులోనేగా పెట్టావు నన్ను. టీ చల్లారిపోతోందే... నేను తాగనా?"

దాని కిందే ఒక కొత్త పని. టీ తాగడం. బాధ్యత: కేతకి ఘాట్‌పాండే. స్థితి: పూర్తయింది.

కేతకి వెంటనే తల తిప్పలేదు. ముందు అల్లం వాసన ఇంకా ఉందేమో చూసింది. లేదు. అప్పుడు తిరిగింది. గ్లాసు ఖాళీ. అడుగున అల్లం పిప్పి. అంచు మీద పెదాల తడి.

నాలుక పెదాల మీద తిప్పుకుంది. ఏ రుచీ లేదు.

కిటికీలోంచి జల్లు పడుతోంది. ఆకాశం నల్లబడింది. ఢోళ్ళు ఆగిపోయినట్టున్నాయి... లేదు, ఉన్నాయి. దగ్గరికొచ్చాయి. లేచి వెళ్ళిపోదామనుకుంది. ఆ పచ్చటి వరస వదిలి పోవడానికి కాళ్ళు రాలేదు.

ఒంటిగంట. మారినవి: 1. మోదకాలు, రెండు. పూర్తయింది.

డబ్బా మూత పెట్టే ఉంది. తీస్తే అడుగున నెయ్యి మరక, యాలకుల వాసన. అంతే. కింద వ్యాఖ్య ఈసారి పొడుగ్గా ఉంది.

"ఆయి చేతి నెయ్యి. నీకు ఏడాదికేడాది ఇదా? ఇది తిని కూడా మొహం అలా పెట్టుకుని వచ్చేదానివేమిటే? నాకు ఆఖరి నాలుగు రోజులూ సెలైను నీళ్ళే. పక్క మంచం ఆవిడ బత్తాయి ఒలుచుకుంటుంటే ఆ తొక్కల వైపు ఎలా చూశానో తెలుసా? నువ్వు నన్ను చూసేదానివే, అలాగ."

కేతకి అలా చూసేదని శర్వరికి తెలుసు. మూడేళ్ళూ తెలుసు. తెలిసే టీ తాగావా అని అడిగింది.

పట్టిక తెరిచింది. నలభయ్యో వరస పట్టుకుని తీసెయ్యి అని నొక్కింది. ప్రోగ్రాం అడిగింది. ఈ వరస తీసేస్తే 312 పనులు వెనక్కి పోతాయి. తీసెయ్యాలా? అవును, వద్దు.

ఫోను మోగింది. పణశీకర్ మేడమ్.

ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. కొత్తదాన్ని ఇప్పుడే తెరిచి చూశానని, ఇంత పని ఒక్క మనిషి చేసిందంటే నమ్మలేకపోతున్నానని, ఇన్నాళ్ళూ రాజ్వాడే ఈ పేరు తన దగ్గర ఎందుకు ఎత్తలేదో అర్థం కావడం లేదని అంది. కేతకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళుగా ఎవరైనా అంటారా అని చెవులు రిక్కించి కూర్చున్న మాటలు అవి.

"ఈ పనులన్నీ నువ్వే చేశావా?" అని అడిగింది మేడమ్.

చూపుడు వేలు అవును మీదే ఉంది. నొక్కితే చాలు.

"నేనే మేడమ్," అంది కేతకి. వేలు పక్కకు జరిగి వద్దు మీద పడింది.

అయితే రేపు పదింటికి మాట్లాడదాం, రాజ్వాడే గది చూసిపెట్టుకో అని మేడమ్ పెట్టేసింది. ఆ సంతోషం ఒక్క నిమిషం. నిజంగా ఒక్క నిమిషమే. తెర మీద గడియారం ఒకటింబావుకు వచ్చింది.

మారినవి: 1. ఆయికి ఫోన్ చెయ్యడం. పూర్తయింది.

కేతకి ఇంటికి ఫోన్ చేసింది. ఆయి వెంటనే ఎత్తింది. మళ్ళీ ఏంటే, ఇప్పుడేగా పెట్టావు అంది. ఆ గొంతులో నవ్వు ఇంకా ఆరలేదు.

"ఆయీ, నేనేం మాట్లాడాను?" అని గొణిగింది కేతకి.

"పిచ్చిదానా, మర్చిపోయావా? మోదకాలు బాగున్నాయన్నావు. టీ తాగావా ఆయీ అన్నావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగావా అలాగ? నా కూతురేనా అనుకున్నాను. తొందరగా వచ్చెయ్ తల్లీ, నాకోసం ఇలాగే వచ్చెయ్."

భయం వెయ్యాల్సిన చోట కేతకికి ముందు మంట పుట్టింది. ఆయి కూడానా. మిగిలిన ఆ ఒక్కతీ కూడా ఆ పిల్లకేనా. ఆ మంట కాస్త చల్లారాక, అడుగునున్న భయం పైకి తేలింది.

పట్టిక. నలభయ్యో వరస. నొక్కితే కదల్లేదు. బూడిదరంగులోకి మారి ఉంది. పక్కన చిన్న అక్షరాలు. ఈ వరసను ఇంకొకరు దిద్దుతున్నారు.

వైరు పీకేసింది. లాపుటాపు మూసేసింది. మూసిన లాపుటాపు నుంచి రావలసిన చప్పుడు చేతిలోని ఫోను నుంచి వచ్చింది. మారినవి: 1. ఇంటికి బయల్దేరడం. పూర్తయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు... తనకంటే ఒక అంతస్తు కిందే, దిగిపోతూ. కేతకి పరిగెత్తింది. నాలుగు. మూడు. రెండు. అడుగులు అందలేదు.

భికాజీ మామా ఆమెను చూసి కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. బల్ల మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. నీళ్ళు ఓడుతోంది.

"తాయీ... ఇప్పుడేగా వెళ్ళారు," అన్నాడు నెమ్మదిగా. "గ్లాసు కడిగి మరీ ఇచ్చారు. మా అమ్మాయి కాన్పు ఎలా జరిగిందని అడిగారు."

కేతకికి ఆయనకు ఒక అమ్మాయి ఉందని కూడా తెలియదు. రిజిస్టరులో వెళ్ళిన సమయం ఒకటీ ఇరవై ఎనిమిది. పక్కన కేతకి ఘాట్‌పాండే అని గుండ్రటి అందమైన అక్షరాలు. పార్కింగులో స్కూటర్ లేదు. తాళంచెవి మాత్రం తన గుప్పిట్లోనే ఉంది.

ఊరేగింపులకు దారులన్నీ మూసేశారు. ఆటో డెక్కన్ దగ్గరే దింపేసింది. అక్కణ్ణుంచి కర్వేనగర్ దాకా వానలో, గులాల్ బురదలో, ఢోళ్ళ మధ్య నడిచింది. ఒకరిద్దరు తగిలి, పక్కకు కూడా చూడకుండా సాగిపోయారు. ఎంతమంది పిలుస్తున్నా ఎవరూ వినని గోల అది.

ఇంటి కింద స్కూటర్ ఉంది. సైలెన్సరు మీద చినుకు పడ్డప్పుడల్లా సుయ్యిమంటోంది.

రెండో అంతస్తు మెట్టు మీదే వినిపించింది. ఆయి నవ్వుతోంది. పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేదాకా. నాన్న పోయినప్పటి నుంచి ఆ నవ్వు ఆ ఇంట్లో లేదు. నేను ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి తెప్పించలేని నవ్వు ఆ పిల్ల ఒక్క పూటలో తెప్పించిందా అనుకుంది కేతకి. ఆ అనుకోవడంలో, తలుపు ముందు నిలబడి కూడా, తన ఇంటికి తను వచ్చానన్నది ఒక క్షణం మర్చిపోయింది.

గంట నొక్కింది. లోపల నవ్వు ఆగింది.

"ఎవరొచ్చారో చూడవే," అంది ఆయి.

"చూస్తానుండు," అంది కేతకి గొంతు, లోపల్నుంచి.

చేతిలో ఫోను వణికింది. పావు తక్కువ ఐదు.

కొత్త పని: 1. గుమ్మంలో ఉన్నామెను పంపించెయ్యడం. బాధ్యత: కేతకి ఘాట్‌పాండే. గడువు: ఇప్పుడు.

అడుగులు తలుపు దాకా వచ్చాయి. అవతల ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నారు. మెల్లగా. నిండుగా. చాలా రోజులకు దొరికిన దాన్ని రుచి చూస్తున్నట్టు.

గొళ్ళెం ఇంకా కదల్లేదు.

తెర మీద ఆ వరస పచ్చబడింది.