రెండు మోటార్ సైకిల్ కార్బురేటర్లు

అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించాలి. నా రాత నెమ్మది. ఈ కొంచెం కథకే ఒక వానకాలం గడిచింది.

1979 నవంబర్ 14. సాయంత్రం 6.40.

నిర్మల్ ఘాట్ మూడో మలుపు. పాత ఇంగ్లిష్ కారు ఇంకా పొగ కక్కుతోంది. స్టీరింగ్ వెనక శవం.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఇస్తారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని లోపలికి టార్చ్ వేశాడు. చేతి గడియారాన్ని బట్టి గుర్తుపట్టారు. రామేశ్వర్‌రావు. తెల్లారితే ఆదిలాబాద్‌లో చెల్లెలు రాధాబాయి పేర సగం భూమి రిజిస్ట్రేషన్ చేయాల్సిన మనిషి.

తమ్ముడు జైపాల్‌రావు అప్పటికే తేల్చేశాడు.

“గా మిస్త్రి గంగయ్య మోటార్ సైకిల్ పేగులు తెచ్చి కారుకు కుట్టిండు. పెట్రోల్ కారింది, అంటుకుంది. ఇంక అడిగేదేముంది ఇన్‌స్పెక్టర్ సాబ్?”

“మీరెక్కడున్నరు?”

“ఇంట్ల. గా కారు స్టీరింగ్ జన్మల పట్టలే.”

రాత్రికి గంగయ్య లాకప్‌లో ఉన్నాడు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు. రుజువైతే జైలు.

“పాత కార్బురేటర్ దొరకలే సార్. నాందేడ్ పాత సామాన్ల బజార్ల మోటార్ సైకిల్‌వి రెండు తెచ్చి బిగించిన. మంచిగనే తిరిగింది.”

“కారేదా?”

“కారేది. వీటికి కారు పంపు పనికిరాదు సార్, పెట్రోల్ మీదికెల్లి దిగాలె. గందుకే డాష్‌బోర్డ్ కింద డబ్బా కట్టి, మోటార్ సైకిల్ ట్యాప్ పెట్టిన. బండి ఆపంగనే బంద్ చెయ్యాలె. పెద్ద దొర చెయ్యడు. డ్రైవర్ హనుమండ్లు చెయ్యడు. కారుకు నల్లా ఏందిరా అని నవ్వుతరు. పొద్దుగాల పోయి తుడుచుడు నా పని.”

“నాలుగు నుంచి ఆరు దాకా యాడున్నవ్?”

“మీ జీపు కిందనే పండుకున్న సార్. క్లచ్ ప్లేటు మార్చిన.”

ఇస్తారి నవ్వలేదు. అది నిజం.

మర్నాడు ఉదయం 7.10. ఇస్తారి మళ్లీ ఘాట్ ఎక్కాడు. అడవిలో పిట్ట కూత లేదు. కారు తలుపులు మూసి ఉన్నాయి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది. డబ్బా పగిలింది. ఇత్తడి ట్యాప్ మాత్రం మిగిలింది. పిడి అడ్డంగా ఉంది.

బంద్.

సాయంత్రం 4.15. ఇస్తారి అందరినీ రామేశ్వర్‌రావు వాకిట్లోకి పిలిపించాడు. గంగయ్య బేడీలతో నిలబడ్డాడు. తలుపు చాటున రాధాబాయి.

“బండ్లు గేటుకు అడ్డమున్నయి. జర లోపలికి తెండ్రి,” అన్నాడు ఇస్తారి.

హనుమండ్లు ఇంటి జీపు తెచ్చాడు. ఇంజిన్ ఆపి దిగిపోయాడు.

జైపాల్‌రావు తన మోటార్ సైకిల్ తెచ్చాడు. ఇంజిన్ ఆపాడు. చూడకుండానే ఎడమ చెయ్యి ట్యాంకు కిందికి పోయింది.

“ట్యాప్ ఎందుకు బంద్ చేసిండ్రు?” అన్నాడు ఇస్తారి.

“ఎందుకేంది? ఆదత్, అలవాటు.”

“నిన్న ఘాట్ మీద కూడా అదే ఆదత్.”

ఇస్తారి గంగయ్య వైపు చెయ్యి చూపాడు.

“ట్యాప్ బంద్ ఉంటే కారు ఘాట్ ఎక్కదు. అంటే ఆగినంకనే బంద్ చేసిండ్రు. బంద్ చేసినంక కార్బురేటర్లకు పెట్రోల్ దిగదు. మంట గంగయ్య పనితోని రాలే. బ్రేక్ లాగి, ట్యాప్ బంద్ చేసే తీరిక ఉన్నోడికి, తలుపు తీసే తీరిక లేకపాయెనా? ట్యాప్ ముట్టని పెద్ద దొరను స్టీరింగ్ ఎనుక కూసోవెట్టి అగ్గి పెట్టినోడు వేరే ఉన్నడు.”

“మోటార్ సైకిల్ నడిపెటోళ్లు జిల్లాల వెయ్యిమంది ఉంటరు.”

“ఉంటరు. ఘాట్ కింద నిన్న ఐదున్నరకు పత్తి లారీ ఆపి ఎక్కినోడు ఒక్కడే. లారీ డ్రైవర్ బయట కూసున్నడు. పిలువాల్నా?”

కానిస్టేబుల్ వచ్చి, గంగయ్య చేతుల బేడీలు విప్పి జైపాల్‌రావుకు వేశాడు.

అప్పుడు రాధాబాయి వాకిట్లోకి వచ్చింది. ఏడవలేదు. తమ్ముడి ముఖంలోకి చూసి మెల్లగా అడిగింది.

“అగ్గి పెట్టినప్పుడు అన్నకు పానం ఉండెనా, జైపాల్?”



మామిడాల దుర్గవ్వ, డెబ్బయి ఒక్క ఏండ్లు. ఇప్పుడు ఉండేది కాగజ్‌నగర్‌లో.